గేటు లేని చోట

మందస దాటాక
తారు రోడ్డు జీడితోటల్లోకి పోయి
అక్కడ మనసు మార్చుకుని ఎర్రమట్టి అయిపోతుంది.
ఆ పైన ఫారెస్టువాళ్ల బస:
ఆరు సిమెంటు గద్దెలు, ఒక బోరింగు,
గడియ పడని మరుగుదొడ్డి,
మహేంద్రగిరి వైపు తెరిచిపెట్టిన ఆకాశం.
మనిషికి డెబ్బై రూపాయలు, పిల్లలకు సగం.

రిజిస్టరులో పేరు రాశాను, ఊరు రాశాను.
"వచ్చిన పని" అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
పని లేకుండా ఎక్కడికీ వెళ్లినవాణ్ణి కాదు.
కాపలా గాసయ్య నా కళ్లకిందకి చూసి
తనే రాశాడు: నిద్ర.

పలాస ఇవతల లెవెల్ క్రాసింగు నాది.
ఫోను మోగితే లేవడం, గేటు దించడం,
జెండా పట్టుకుని నిలబడడం.
పందొమ్మిదేళ్లు.
మా క్వార్టరులో గ్లాసులు అర మీద
వాటంతటవే జరిగి జరిగి
తెల్లారేసరికి ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి.
వచ్చే నెల గేటు తీసేస్తారు.
కిందనుంచి దారి తవ్వేశారు,
మొదటి వానకే అందులో కప్పలు కాపురం పెట్టాయి.

డేరా మా బామ్మర్దిది, ఎన్‌సీసీ నాటిది.
ఒక మేకు తక్కువ.
ఆ మూల తాడుని నా క్యారేజీకి కట్టాను, రాళ్లు నింపి.
"నాన్నా, అన్నం గిన్నె ఇంటిని పట్టుకుంది"
అంది హైమ. దానికి తొమ్మిదేళ్లు.

గాసయ్య వెళ్తూ వెళ్తూ చెప్పాడు:
"పనసతొనలు డేరాలో ఎట్టుకోకండి బావూ.
ఎలుగు మనకాడికి రాదు, వాసనకాడికొస్తాది.
మద్దెన మనం పడుకుంటే
అది దాని తప్పేటి?"

చీకటి పడింది.
పక్క గద్దె మీద టెక్కలి కాలేజీ కుర్రాళ్లు
నూడుల్స్ వండుకుని, కాసేపు గొణుక్కుని, ఆరిపోయారు.
నిశ్శబ్దమంటే ఏమీ లేకపోవడం అనుకునేవాణ్ణి.
ఇక్కడది ఉంది,
తడిసిన గోనెసంచిలా చెవుల మీద.

"నాన్నా, బండి రాదేం?"
"ఇక్కడ పట్టాలు లేవమ్మా."
"అయితే నువ్వు చెప్పు."

చెప్పాను.
ఎగువ లైన్లో గూడ్సు. బొగ్గు. యాభై తొమ్మిది పెట్టెలు.
లెక్కపెడుతూ పోయాను, ఒక్కటీ వదలకుండా.
తర్వాత దిగువన హౌరా మెయిలు.
ఇరవై నిమిషాలు లేటు.
కిటికీలో ఎవరో అరటిపండు తింటున్నారు.
మెయిలు పూర్తిగా దాటకముందే
పిల్ల ఊపిరి పట్టాలెక్కింది.
నేనే మిగిలాను, చివరి పెట్టె ఎర్రదీపం చూస్తూ.

రెండూ నలభైకి నా వీపు నన్ను లేపింది.
ఏ ఫోనూ మోగలేదు.
చెయ్యి మాత్రం ముందే టార్చి అందుకుంది,
కాళ్లు చెప్పుల్ని వెతుక్కున్నాయి.
బయట మంచు.
బోరింగు అవతల, దారికి అడ్డంగా,
నల్లగా, తొందరేమీ లేనిదొకటి పోతోంది.
వెనకే ఇంకోటి, చిన్నది,
పెట్టెకి పెట్టె తగిలించినట్టు.

అరవలేదు. టార్చి వెయ్యలేదు.
నా వెనక రెండు ఆటోలు, పాల సైకిలు,
హారను కొట్టే పెళ్లి వ్యాను
ఆగి ఉన్నట్టు
చెయ్యి అడ్డంగా చాపి నిలబడ్డాను.
చిన్నది ఒకసారి ఆగింది. వాసన చూసింది.
దాటింది.
ఆ తర్వాత కూడా చాలాసేపు
నా చెయ్యి దిగలేదు.

పొద్దున గాసయ్య మట్టి మీదకి వంగి చూశాడు.
"ఆవు" అన్నాడు.
నేను అతని మొహం చూశాను.
"ఆవనుకోండి బావూ. పాప ఉంది గదా."

"వెళ్లిన సమయం" గడిలో ఆరూ పన్నెండు అని వేశాను.
అతను నవ్వాడు:
"ఈ పుస్తకంలో నిమిషాలు రాసినోడివి నువ్వే."

హైమ క్యారేజీలో రాళ్లు ఒంపేసింది.
ఒకటి ఉంచుకుంటానంది. ఎందుకో చెప్పలేదు.
కొండ దిగినంతసేపూ
గిన్నెలో అది
మోగుతూనే ఉంది.