అమ్మకానికి కాదు

మా లారీలో హీటరు ఒక పక్కే పనిచేస్తుంది.
డ్రైవరు గన్‌జోరిగ్ కాళ్లు వెచ్చగా,
నా కాళ్లు నావి కానట్టుగా
రెండు రోజుల ప్రయాణం.
వెనక నూట నలభై గడ్డిమోపులు, అరవై తవుడు బస్తాలు,
ముసలివాళ్లకు మందులు, పసివాళ్లకు మేజోళ్లు,
నా ఒళ్లో జాబితా.

ఇక్కడ ఇలాంటి చలికాలానికి ఒక పేరుంది: జుద్.
ముందు వేసవి వచ్చి గడ్డిని సగం తినిపోతుంది.
మిగిలిన సగం మీద
మంచు గాజుమూత బిగిస్తుంది.
గొర్రెకు గిట్టల కింద మేత కనిపిస్తూనే ఉంటుంది.
కనిపిస్తూ ఉండగానే చస్తుంది.

బత్‌సూరి గుడారం పక్కన, గాలికి అడ్డంగా, ఒక గోడ.
దూరం నుంచి రాళ్లనుకున్నాను.
దగ్గరికెళ్తే
రాళ్లకు కొమ్ములున్నాయి.

ఉప్పు టీ పోశాడు.
"పాలు తగ్గాయి" అన్నాడు తనే,
నేనింకా గుక్క మింగకముందే.

ఫారం తీశాను.
రాజధానిలో, వెచ్చని గదిలో,
మంచి మనసుతోనే తయారుచేసిన ఫారం.
ఇంట్లో ఎందరు? ఐదుగురు.
బతికున్న పశువులెన్ని? పందొమ్మిది.
"మరి చచ్చినవి?"
ఈసారి అడిగింది ఆయన.
ఆ గడి లేదన్నాను.
"మూడువందల నలభై రెండు. ఎక్కడో ఒకచోట రాయి."

అంచున, పక్కకి తిప్పి రాశాను.
చదవమన్నాడు. చదివాను.
"అందులో ఒక చుక్కల మేక ఉంది,
తలుపు తీయడం వచ్చు దానికి" అన్నాడు.
చుక్కల మేకని రాయడానికి చోటు చాల్లేదు.
గన్‌జోరిగ్ టోపీ తీసి, చూసి,
మళ్లీ పెట్టుకున్నాడు.

పందొమ్మిదికి మా లెక్కన నాలుగు మోపులు.
"రెండు దింపండి.
గుట్ట అవతల ఖందర్మా ఉంది, జాబితాలో ఉందా?"
లేదు.
"ఉండదు. నోరు తెరిచి అడగడం ఆమెకు రాదు.
మొగుడు పోయిన రాత్రి కూడా
దీపానికి నూనె అడగలేదు."

ఇవ్వడానికి వచ్చింది నేను.
జాబితా దిద్దుతున్నది ఆయన.

గుడారం లోపల, పొయ్యికి ఎడమపక్క,
పిల్ల చచ్చిన తల్లి ఒకటి,
తల్లి ఆ గోడలో ఉన్న పిల్ల ఒకటి.
చిమ్‌గీ పిల్ల వీపుకి ఉప్పు రాసి
గొర్రె మూతి దగ్గరికి జరుపుతుంది.
తోయిగ్, తోయిగ్, అని పాడుతుంది.
గొర్రె తంతుంది.
మళ్లీ జరుపుతుంది.
"నాలుగో రోజు" అంది నావైపు తిరక్కుండా,
"నిన్నటికంటే మెల్లగా తన్నుతోంది."

పిల్లకి చొక్కా ఉంది.
పోయిన నెల ఎవరో ఇచ్చిన తవుడు బస్తా,
కాళ్లకు నాలుగు కంతలు కోసి తొడిగింది.
కడుపు మీద నీలం అక్షరాలు:
సహాయార్థం. అమ్మకానికి కాదు.

ఆఫీసు ఫోటో అడుగుతుంది:
సాయం అందుకున్నవారు, నవ్వుతూ.
బత్‌సూరి నిలబడ్డాడు, నవ్వలేదు.
నేనూ నవ్వమనలేదు.
గొర్రెపిల్లని తీశాను.
పై అధికారి రేపు అడుగుతాడు, ఇందులో లబ్ధిదారు ఎవరని.
చదువొస్తే చదువుకుంటాడు.

ఖందర్మా మోపుల్ని చేత్తో తట్టి చూసింది.
"ఎవరు పంపారు?"
మా సంస్థ పేరు పొడుగ్గా చెప్పాను.
ఆమె సగంలోనే గుట్టవైపు చూసింది.
"బత్‌సూరే కదూ."
పెట్టె తీసి,
ఎండబెట్టిన పెరుగుబిళ్లలు ఒక చిన్న సంచిలో పోసి
నా చేతిలో పెట్టింది.
"ఆ ఇంట్లో పాలు తక్కువ.
నేనిచ్చానని చెప్పొద్దు."

మళ్లీ పన్నెండు కిలోమీటర్లు, వెనక్కి.
ఈ డీజిలుకి ఏ పద్దూ లేదు.
లెక్కలవాళ్లు ఎర్ర పెన్నుతో సున్నా చుడతారు, చుట్టనీ.

చీకటి పడింది.
కుక్క మొరగబోయి, మమ్మల్ని గుర్తుపట్టి, ఊరుకుంది.
సంచి గుమ్మం దగ్గర పెట్టాను.
లోపల ఆమె ఇంకా పాడుతోంది.
తన్నిన చప్పుడు వినపడుతుందేమోనని
కాసేపు నిలబడ్డాం, ఇద్దరం,
కాళ్లు ఎవరివో తెలియనంత సేపు.