తొమ్మిదిలో ఏడు

త్బిలిసీలో, ఎండిన వంతెన మీద,
ఆదివారం నా దుకాణమంటే
రెండు ఇనప కుర్చీలు, ఒక తాడు,
తాడుకి బట్టల క్లిప్పులతో పన్నెండు కాన్వాసులు.

పక్కన ఓతార్.
అసలు సిసలు నూనెరంగుల మనిషి.
గోళ్ళ కింద నీలం నలభై ఏళ్ళుగా వదల్లేదు.
నా గోళ్ళు శుభ్రంగా ఉంటాయి,
అదే నా నేరం.

ఒకప్పుడు పత్రికకి ఫొటోలు తీసేవాణ్ణి.
పత్రిక మూతపడింది.
ఇప్పుడు రాత్రిళ్ళు వంటింటి బల్ల మీద
ఒక పాత ఫొటో తెరుస్తాను.
కుంచె మందం నలభై, తడి అరవై,
బట్ట నేత ముతక.
టీ మరిగేలోగా
వీధి వీధంతా కరిగి రంగవుతుంది.
అచ్చు వేయించాక పైన రంగులేని జిగురు
అక్కడక్కడా గరుకుగా పూస్తాను,
కొనేవాళ్ళు గోటితో గీకి చూస్తారు మరి.

"చేత్తోనే వేశావా?"
చేత్తోనే, అంటాను.
మౌసు పట్టుకున్నదీ చెయ్యే కదా.
ఓతార్ దగ్గుతాడు.
అతనికి దగ్గు లేదు.

ఇవాళ మధ్యాహ్నం ననూలి వచ్చింది.
స్టేషను బజారులో చుర్చ్‌ఖేలాలు అమ్మే మనిషి.
అక్రోట్లు దారానికి గుచ్చి
చిక్కగా కాచిన ద్రాక్షరసంలో ముంచి
దండెం మీద ఆరేస్తుంది.
పోయిన అక్టోబరులో అలా ఆరేస్తుంటే
తియ్యనా అని కెమెరా చూపించాను.
తల ఊపింది,
నాకు ఊపిందో ఈగకి ఊపిందో.

తాడు మీద తన బొమ్మ కనబడగానే
ముందు మొహం చూసుకోలేదు, లెక్కపెట్టింది.
"ఏడున్నాయి."
బాగా కుదిరింది కదా, అన్నాను.
"నేను తొమ్మిది కట్టాను.
తక్కిన రెండూ ఎవరు తిన్నారు?"

ఏం చెప్పను?
ఎండ ఎక్కువైన చోట రెండు కలిసి
సాఫ్ట్‌వేరుకి ఒకటిగా తోచాయనీ,
ఇంకొకటి గోడలో కలిసిపోయిందనీ,
నీ చూపుడువేలి కట్టుని
మరకనుకుని తుడిచేసిందనీ?
చెబితే వినే మనిషి కాదనుకున్నాను.
చెప్పాను. విన్నది.

"సరే, ఆ అసలు ఫొటో ఇవ్వు.
రాయి చెక్కేవాడికి కావాలి.
మా ఆయన సమాధి రాతి మీద నా సగం ఖాళీగా ఉంది,
ఇప్పుడే చెక్కించుకుంటే చవకట.
ఇందులో నా ముక్కు వెన్నముద్దలా ఉంది.
వెన్నని రాతి మీద ఎలా చెక్కుతాడు?"

ల్యాప్‌టాప్ తెరిచాను.
బొమ్మ ఉంది. నీలం పెంచిన బొమ్మ ఉంది.
బంగారం పూసినట్టున్నది ఇంకొకటి ఉంది.
అసలుది లేదు.
ఏదో నిద్రమత్తు రాత్రి
దాని మీదే దీన్ని భద్రపరిచాను.
ఆ మీట వాడే మాట అదే, భద్రపరచడం.

ఫోన్లో తపాలా బిళ్ళంత మిగిలింది.
ననూలి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
ముక్కుకి ఆనించుకుని చూసింది.
వేలి మీద తెల్లటి చుక్క.
"ఆఁ, ఆ రోజే. చలికి సూది జారింది."
ఇంకేం అనలేదు.
చాలాసేపు ఆ చుక్కనే చూస్తూ ఉంది.

అంతలో ఒక పోలండు జంట.
ధర అడిగారు, నూట ఎనభై లారీలు,
నూట యాభైకి దిగాను.
"చేత్తోనే వేశారా?"
ననూలి నా వైపు చూసింది.
ఓతార్ ఈసారి దగ్గలేదు.

"జిగురు నేను పూశాను," అన్నాను.
"ఫొటో నాది. రంగులు యంత్రానివి.
ఆ వేలాడేవి ఈవిడవి."

ఇంకా ముచ్చటపడి కొన్నారు!
ననూలిని బొమ్మ పక్కన నిలబెట్టి
ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకున్నారు.
ఆమె ముక్కు ముక్కులాగే
వార్సా వెళ్ళిపోయింది.

డబ్బు లెక్కపెడుతుంటే చెయ్యి చాపింది.
"పది లారీలు."
దేనికి?
"రెండింటికి."
ఏ రెండింటికి?
"దండెం మీంచి నువ్వు దించినవాటికి."

ఇచ్చాను.
వచ్చే ఆదివారం జుట్టు దువ్వుకుని వస్తానంది,
కెమెరా ఒక్కటే తెమ్మంది.
ఓతార్ కుంచెలు గుడ్డకి తుడుచుకుంటూ
"ముక్కు జాగ్రత్త," అన్నాడు.