ఎదురు బరువు

స్టాక్టన్‌లో ఫిబ్రవరి పొగమంచు
నా కిటికీ దాకా వచ్చి నిలబడింది.
దాని వెనకే వియస్నా చుమ్,
గోళ్ళ సందుల్లో టైరు నలుపు,
చేతిలో మడతలు పడ్డ ఐదు డాలర్ల నోటు.
"నా పాత రికార్డు కావాలండీ. సీలు వేసి."

ఈ హైస్కూల్లో పంతొమ్మిదేళ్ళుగా
మార్కులు అచ్చువేసి ఇచ్చేదాన్ని, ఫిలొమీనాని.
పిల్లల మొహాలు మరిచిపోతాను,
వరసలు మరవను.
ఇతనిది తెరవకముందే గుర్తొచ్చింది.

ఆల్జీబ్రా ఎఫ్. మళ్ళీ ఆల్జీబ్రా, మళ్ళీ ఎఫ్.
ఇంగ్లీషు డి. చరిత్ర సగంలో వదిలేశాడు.
ఆఖరికి ఆటల పీరియడ్లోనూ ఎఫ్,
బూట్లు మార్చుకోడానికి బద్ధకమట.
పదకొండో తరగతిలో అరవై ఒక్క రోజులు రాలేదు.
సాయంత్రం ఆరింటికి మా మిషను ఇంటికి ఫోన్ చేసేది,
వాళ్ళ అమ్మమ్మ ఎత్తి
ఆ ఇంగ్లీషు మిషనుతో మర్యాదగా
"ఓకే, ఓకే, థాంక్యూ" అనేది.
ఆ అక్షరాలన్నీ నేనే ఎక్కించాను.
చెయ్యి ఆగిందని అబద్ధం చెప్పను.

"దేనికి?" అన్నాను, అడక్కూడదు గానీ.
యూనివర్సిటీకట. కొండ మీదిది,
వందమంది తలుపు తడితే పదిమందికి తీసేది.
కమ్యూనిటీ కాలేజీలో మూడేళ్ళ రాత్రులు,
భిన్నాల దగ్గర మొదలెట్టి
అవకలన సమీకరణాల దాకా,
అన్నీ ఎ గ్రేడులే.
"అయినా పాతది కూడా చూస్తామన్నారు."

అప్లికేషన్లో ఒక గడి ఉంటుంది:
మీ మార్కులు ఎందుకలా ఉన్నాయో చెప్పండి.
చాలామంది అందులో ఒక చావునో జబ్బునో పెడతారు.
కొందరివి నిజం.
"నువ్వేం రాశావు?"
"నిద్ర లేచేవాణ్ణి కాదు, అని."
"అంతేనా?"
"అంతే. కారణం ఉంటే బాగుండేది."

వాళ్ళ అమ్మమ్మ భాషలో
వియస్నా అంటే తలరాత అట.
నా ప్రింటరు దాన్ని గరగరమంటూ కక్కుతూ
రెండో పేజీ దగ్గర నమలడం మొదలెట్టి ఆగిపోయింది.

కాగితం లాగుతుంటే అతనే చెప్పాడు:
టైర్ల షాపులో చక్రాన్ని తిప్పి చూసే మిషను ఉంది,
ఏ చక్రానికైనా ఎక్కడో ఒకచోట బరువెక్కువ.
దాన్ని చెక్కరు. చెక్కితే టైరు పోతుంది.
సరిగ్గా ఎదురుగా, అంచు మీద,
పావు ఔన్సు లోహపు ముక్క తగిలిస్తారు.
"ఎంతో, ఎక్కడో మిషను చెప్తుంది.
ఎందుకో చెప్పదు.
ఓనర్ని అడిగితే నీ పని చూసుకోమన్నాడు.
అందుకే కాలేజీకెళ్ళాను."

కాగితం మూడు మడతలు పెట్టి కవర్లో దూర్చాను.
జిగురు మీద సీలు, సీలు మీద సంతకం.
ఐదు డాలర్లు తీసుకోక తప్పలేదు.
నా సొరుగులో తెల్ల సిరా సీసా ఒకటి ఉంది.
ఉందని చెప్తున్నాను, అంతే.

మేలో నా పాత హోండా
అరవై మైళ్ళు దాటితే స్టీరింగు వణకడం మొదలెట్టింది.
ఊళ్ళో పది టైర్ల షాపులున్నాయి,
ఎల్‌ డొరాడో వీధి దాకా ఎందుకెళ్ళానో
నన్నడక్కండి.

నేనేమీ కదపలేదు. చక్రం విప్పుతూ తనే అన్నాడు:
రెండుచోట్ల కాదన్నారు. ఒకచోట ఆగమన్నారు.
కొండ మీదివాళ్ళు రమ్మన్నారు.
"ఫిజిక్సు ఒకటి మాత్రం లెక్కలోకి రాదట,
మళ్ళీ చదవాలి."
ఆ ఫిజిక్సు గురించే
బోల్టులన్నీ ఊడేదాకా గొణిగాడు.

ముక్క తగిలించి సుత్తితో ఒక్కటిచ్చి
మిషను మళ్ళీ తిప్పాడు.
తెర మీద గుండు సున్నా.
"ఇక్కడ సున్నా వస్తేనే పాసు," అన్నాడు,
నవ్వకుండా.

హైవే ఎక్కాను. అరవై. అరవై ఐదు.
డెబ్బై దగ్గర ఇంకా కొంచెం వణుకుంది,
చక్రానిదో,
చేతిదో.