అక్షరానికి మూడు రూపాయలు

నగరత్‌పేటలో స్టీలు సామాన్ల కొట్టు మెట్ల మీద
ముప్పై రెండేళ్లుగా నా స్టూలు.
అక్షరానికి మూడు రూపాయలు.
తెలుగు, కన్నడం, అరవం, కొంచెం హిందీ,
ఏ లిపిలో అడిగితే ఆ లిపిలో
గిన్నె ఎవరిదో గిన్నెకు చెబుతాను.
ఒత్తులకు వేరే డబ్బులు అడగను.

ఆషాఢం. బేరాల్లేవు.
మెజెస్టిక్‌లో మెట్రో మారి వచ్చానంది ఆ పిల్ల.
గొడుగు మడిచి, సంచీలోంచి
అరచేయంత రాగి పళ్ళెం తీసింది.
పాత బిల్లు వెనక గీసుకొచ్చిన బొమ్మ:
వలయం, వలయంలో అయిదు మొనల చుక్క.
"చెయ్యి ఎత్తకుండా గియ్యాలి తాతా."
పేరు? అన్నాను అలవాటుగా.
"పేరొద్దు. ఈ పనికి నాకు ఇంకో పేరుంది,
అది బయటికి చెప్పకూడదు."

ఇన్నేళ్లలో
పేరు వద్దన్న పళ్ళెం ఇదొక్కటే.

పెన్ను మీట నొక్కాను. తుమ్మెద రొద.
మొదటి గీత పైకి, రెండోది కిందికి జారి,
మూడోది ఎడమకి ఎక్కి
నాలుగోది అడ్డంగా సగం నడిచాక
వీధి వీధంతా కరెంటు పోయింది.

మొన రాగి మీదే ఉంచేశాను.
ఎత్తొద్దంది కదా.
"ఎంతసేపట్లో వస్తుంది?"
"వాళ్లిష్టం."

అలాగే కూర్చున్నాం.
పైకి పేరు చారుశీలట, పుట్టుక ధార్వాడ,
తల్లిది ఆదోని.
ఆ ఆదోని తెలుగులో తన సామాను సంగతి చెప్పుకొచ్చింది.
నల్లపిడి కత్తి ఉందట, దాంతో ఏదీ కోయరాదు,
గాలిలో గిరి గీయడానికే.
ఆకూ అలమూ కోయడానికి తెల్లపిడిది వేరే.
చీపురుందట, నేల ముట్టదు,
జానెడు ఎత్తున ఉత్త గాలిని ఊడుస్తుంది.
మంత్రదండం కబ్బన్ పార్కులో గాలివానకి విరిగిన కొమ్మ,
చెట్టుని అడిగే తెచ్చుకుందట.
ధూపానికి ఇనప మూకుడు, అమ్మమ్మ పోపులది,
ఇప్పటికీ మెంతుల వాసనే వస్తుందట.
ఎవరు నేర్పారమ్మా?
"పుస్తకాలు. ఇంకో నలుగురం ఉన్నాం.
పున్నమికి డాబా మీద చేరతాం.
ఓనరుకి యోగా అని చెప్పాం."

నవ్వొచ్చింది. మొన జరిగిందేమోనని భయమూ వేసింది.

కోయని కత్తి, ఊడ్వని చీపురు.
వింతగా అనిపించాలి. అనిపించలేదు.
మా నాంచారమ్మ చీపురు పుల్లలు ముట్టించి
మనవడి చుట్టూ తిప్పుతుందే,
అవి ఏ గది ఊడ్చాయి?
పురిటి మంచం కింద పెట్టిన కొడవలి
ఏ పైరు కోసింది?

"సవ్యంగానే తిరగాలి తాతా,
అపసవ్యం విప్పడానికి, వదిలించుకోవడానికి."
అపసవ్యం నాకు తెలుసు.
జంధ్యం కుడిభుజం మీదికి మార్చుకునే రోజు,
ఏడాదికి రెండుసార్లు.
అది చెప్పలేదు. వేళ్లు తిమ్మిరెక్కాయి.

నా చేతి మీద తన చెయ్యి ఆనించింది, బరువు పంచుకుంటూ.
మంత్రమేదో చదువుతుందనుకున్నాను.
"కాఫీ తెప్పించనా?" అంది.

కొట్లో ఫ్యాన్లు కదిలాయి.
గీత మళ్ళీ నడిచి మొదలైన చోటికే చేరింది.
ఆగిన చోట మాత్రం
నువ్వుగింజంత గుంట.
తప్పయిందమ్మా అన్నాను.
బొటనవేలితో తడిమి చూసి
"ఉండనీ, అది మీది" అంది.

ఎంతివ్వాలి?
అక్షరమే లేదు, ఏం లెక్క కట్టను?
తిప్పి తిప్పి చూస్తే
వలయం ఒక్కటీ సున్నాలా ఉంది.
మూడు రూపాయలివ్వు అన్నాను.
ఫోను పెట్టి పంపింది.
గల్లాపెట్టె పక్క డబ్బా గట్టిగా
"మూరు రూపాయి" అని కన్నడంలో అరిచింది.
షావుకారు కళ్లద్దాల మీంచి చూశాడు.

శ్రావణంలో పెళ్లివారొచ్చారు, నలభై ఒక్క గ్లాసులు.
చి.సౌ. మందాకిని.
మూడో గ్లాసు దగ్గర
నా చెయ్యి ఎత్తడం మరిచింది.
మం నుంచి దాకి, దా నుంచి కికి,
పొట్లతీగలా ఒకటే గీత.
పెళ్లికూతురి మేనమామ వెలుతురుకి పట్టి
"ఇదేం రాతయ్యా, ఎవరి పేరిది?" అన్నాడు.

గ్లాసు ఖరీదు నా కూలీలో విరిచారు.
స్టూలు పక్కనే ఉంది, మంచినీళ్లకి.