సరి, బేసి

గెర్బెన్ ఇంటికి వెళ్ళిపోయాడు.
పంపుల రొదా నేనూ మిగిలాం.
డెల్ఫ్ట్‌లో వానట. కిటికీ లేని ఈ గదికి
ఆ సంగతి ఎవరైనా తడిసి వచ్చి చెప్పాల్సిందే.

బంగారు పూత పూసిన రాగి పళ్ళేలు
ఒకదాని కింద ఒకటి వేలాడుతుంటాయి.
దిగేకొద్దీ చలి.
అట్టడుగున, చలికి ఇక దిగే చోటు లేని చోట,
నా కనురెప్ప వెంట్రుకని వెయ్యి పాయలు చీలిస్తే
అందులో ఒక పాయంత తీగ.

దాని రెండు కొసల్లో
ఒకే ఎలక్ట్రాన్ సగం సగంగా కాపురముంటుందట.
ఈ కొసని అడిగితే, ఏమో.
ఆ కొసని అడిగితే, ఏమో.
అలా పంచి దాచడం ఎందుకంటే
ఒక కొసని ఎవరు గిల్లినా గుట్టు చెదరకూడదని.
చిక్కల్లా అదే. మాకూ చెప్పదు.

రెంటినీ కలిపి ఒక్కసారే అడగాలి.
అదీ పేరడక్కుండా, ఊరడక్కుండా:
సరా, బేసా?

హార్లింగెన్ రేవులో మా తమ్ముడు షూర్డ్
గుప్పిట మూసి ఇదే అడిగేవాడు.
నేను చెప్పాక, వేళ్ళు విప్పేలోపు
ఒక గోళీని చొక్కా చేతిలోకి జార్చేసేవాడు.
ఇరవయ్యేళ్ళకి, వాడి పెళ్ళిలో, తాగి ఒప్పుకున్నాడు.
ఇక్కడా అంతే. ఎక్కడినుంచో
పిలవని ఎలక్ట్రాన్ ఒకటి దొర్లుకుంటూ వస్తుంది,
సరి కాస్తా బేసి.

అడగడమంటే ముట్టుకోకుండా అడగడం.
సన్నటి రేడియో అల ఒకటి పంపి
తిరిగొచ్చినప్పుడు దాని అడుగు తడబడిందా అని వినడం.
తెర మీద రెండు మెట్లు. పై మెట్టు సరి, కింది మెట్టు బేసి.
మధ్యలో ఇసక రాలుతున్నట్టు రొద.

రెండూ నలభైకి గీత కిందికి దూకింది.
ఒక మిల్లీసెకను అక్కడ నిలబడింది
(సాగదీసి చూస్తే తెర మీద జానెడు).
మళ్ళీ పైకి.

గెర్బెన్ అయితే కుర్చీలోంచి లేచేవాడు.
పోయిన మార్చిలో లేచాడు కూడా, కేకు తెప్పించాడు.
టంకం వదులైన తీగ ఒకటి దొరికేసరికి జూన్ అయింది.
ఆ కేకు పెట్టె ఇంకా బీరువా మీదే ఉంది,
అందులో మరలు దాస్తున్నాం.

నకిలీలుంటాయి.
రెండు కొసల్లో ఇద్దరు వేరే వేరే మనుషులు
ఒకే రకం కోటు తొడుక్కుని
ఇద్దరం ఒక్కరమేనని బొంకే బాపతు.
గీతకి కోటే కనిపిస్తుంది.

పుస్తకంలో రాశాను:
2:40. సరి నుంచి బేసికి. బేసి నుంచి సరికి.
'కారణం' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
కాసేపు దాని మూత కొరికాను.
ఖాళీగానే వదిలేశాను.

తెల్లారింది. వాన వెలిసింది.
కాలవ వంతెన మీద, కమ్మీ మొనకి తొడిగి
బుధవారం నుంచీ ఒక చేతితొడుగు ఉండేది,
ఎర్ర ఉన్నిది, చిన్నపిల్లది,
పోగొట్టుకున్నవాళ్ళు చూస్తారని ఎవరో పెట్టారు.
అయిదు వేళ్ళూ ఎత్తి రోజూ నన్ను ఆపేది.

ఇవాళ లేదు.

జతని వెతుక్కుంటూ ఒక చెయ్యి వచ్చిందా,
గాలి తోసేసిందా.
సైకిలు దిగి, వంతెనకి ఈ పక్కా ఆ పక్కా వంగి చూశాను.
నీళ్ళలో ఎర్రగా ఏమీ లేదు.
మొన మీద ఒక్క నీటిబొట్టు.

సరే అనుకుని
సైకిలెక్కాను.