రొయ్య బొమ్మ గోతం

బిడ్డ పుట్టి యాభై మూడో రోజు.
తల ఎప్పుడు దువ్వుకున్నానో గుర్తు లేదు.
దువ్వెన మాత్రం కనబడింది ఇవాళ
పక్కగుడ్డల మడతలో,
వసకొమ్ముకీ ఆముదం సీసాకీ మధ్య.
కనబడిందన్న సంతోషంలోనే పాలకి ఏడ్చింది.
దువ్వెన మళ్ళీ పోయింది.

ఇస్కపల్లి గాలికి ఉప్పెక్కువ.
ఆరేసిన గుడ్డలు ఆరినట్టే ఉంటాయి, ఆరవు.
ఒక్కొక్కటీ తీసి చెంపకి ఆనించి చూస్తాను.
అమ్మ వాయిలు చీర చింపి పంపింది, పద్నాలుగు ముక్కలు.
అంచు చూసి పోల్చుకున్నా:
నేను పది పాసైన రోజు
కావలిలో మిఠాయి కొనడానికి కట్టుకున్న చీర.
దాని మీద ఇప్పుడు ఆవపిండి రంగు మరక.
ఫోన్లో చెబితే అమ్మ నవ్వింది,
"దానికింతకన్నా మంచిరోజు ఏమొస్తుందే."

పొద్దున పెంచలమ్మవ్వ
కాళ్ళు బారజాపి, బిడ్డను పిక్కల మీద పడుకోబెట్టి
నలుగు పెట్టి, ముక్కు సాగదీస్తుంది.
"మీ నాయన ముక్కూ నేనే తీర్చినా, చూడు ఎట్టా ఉందో."
చూశానవ్వా.
అందుకే నా భయం.
సాంబ్రాణికి బిడ్డ తుమ్ముతుంది.
చిరంజీవ, అంటుంది అవ్వ.
పొగలో నేనూ తుమ్ముతాను.
నాకెవరూ ఏమీ అనరు.

మా ఆయన ఫోనులో చూసి తెప్పించాడు
తిరుగుతూ పాడే బొమ్మల గొడుగు.
నాలుగు పిట్టలు, ఒక ఏనుగు, ఏ దేశందో పాట.
బ్యాటరీ వేసిన రోజే బిడ్డ మొహం తిప్పేసుకుంది.
ఏనుగుకి ఇప్పుడు నా జాకెట్టు తగిలిస్తున్నా.

నచ్చింది ఏంటంటే, మేత గోతం.
ఖాళీది. ఎండ పడకుండా వసారాకి కట్టిన పట్టా.
నీలం మీద ఎర్రగా
మీసాలు గాల్లోకి లేపిన రొయ్య,
మనిషి చెయ్యంత.
మొదటిసారి చూసి కాళ్ళాడించడం ఆపేసింది.
నోరు సున్నా చుట్టింది.
తర్వాత, చిగుళ్ళన్నీ కనబడేలా, నవ్వింది.
నన్ను చూసి ఇంకా నవ్వలేదు.
రాత్రుళ్ళు మేలుకున్నది నేను,
నవ్వు మాత్రం ఇరవైఐదు కేజీల గోతానికి.
ఆ మధ్యాహ్నం గోతం ముందు కూచుని
నేను కూడా రెండు వేళ్ళు నుదుటికి పెట్టి
మీసాలాడించాను.
ఎదురింటి కాంతమ్మ చూసింది. చూడనీ.

రాత్రి వేరే లోకం.
గట్టు అవతల చెరువులో ఏరేటర్లు
తబతబ తబతబ.
కడుపులో ఉన్నప్పటినుంచీ విన్నది కదా,
పుట్టింట్లో నెల రోజులూ నిద్రపోలేదు.
చివరికి మాలకొండయ్య ఆ చప్పుడు
పది నిమిషాలు పట్టి పంపాడు.
దిండు పక్కన ఫోను పెట్టి
చెరువుని వినిపించాను కావలిలో.

నిన్న రెండింటికి కరెంటు పోయింది.
చప్పుడు ఆగింది.
ముందు లేచింది బిడ్డే.
ఏడవలేదు, చీకట్లోకి కళ్ళు తెరుచుకుని ఉంది.
"మాలకొండా, పరిగెత్తరా," అవ్వ కేక.
గట్టు మీద టార్చి ఎగురుతూ పోయింది.
అరగంట ఆగితే రొయ్యలు పైకి తేలతాయి,
ఊపిరాడక, తెల్లగా.
అప్పు తేలుతుంది వాటితోపాటు.
నేను బిడ్డ పొట్ట మీద చెయ్యేసి లెక్కపెట్టా,
లేస్తోంది, పడుతోంది,
ముప్పై ఎనిమిది దాకా.
మళ్ళీ మొదలుపెట్టా.
ఎంతదాకా వెళ్ళానో తెలీదు,
జనరేటరు రెండుసార్లు దగ్గి అందుకుంది.
తబ. తబ.
బిడ్డ పెద్దగా నిట్టూర్చింది
ముసలమ్మలాగా.

మోకాళ్ళదాకా బురదతో వచ్చాడు.
చేతులు కడుక్కున్నా డీజిల్ వాసన.
బిడ్డను ముట్టుకోలేదు.
గుమ్మంలోనే నిలబడి నా వైపు చూసి
"అన్నం తిన్నావా?" అన్నాడు.
తిన్నానో లేదో
నిజంగానే ఆలోచించాల్సొచ్చింది.