నాలుగు మొనలు

తిరుపతిలో అంగడాయన
మొదట రెండువేల ఎనిమిదొందల గాలంకట్టె తీసినాడు.
వేలి మీద నిలబెట్టి
"చూడన్నా, ఈక" అన్నాడు.
ఈకే, కాదనను.
నా జోబీలో ఉండేది పదహారొందలు.
నాక్కావలసింది నాలుగు.

మూలలో గొడుగుల వెనక
దుమ్ముపట్టిన ఫైబర్ కట్టెలు ఉన్నాయి.
ఒక్కోటి మూడొందల ఇరవై, ఏడడుగులు,
పిడికి నల్ల స్పాంజి.
కండ్లద్దాలు తుడుచుకోని
ఒక్కో ఉంగరంలో దూది దూర్చి లాగినా.
దూది పోగు చిక్కిందంటే
రేపు దారం తెగుతాదని లెక్క.
పదకొండు చూస్తే నాలుగు తేలినాయి.
"పెండ్లిచూపులా అన్నా?" అని నవ్వినాడు.
నవ్వనీ.

నాలుగూ ఒకే రకం ఎందుకంటావా?
గాలి తోలితే నాలుగు మొనలూ
ఒకే మాదిరి తలలూపాల.
మూడు ఊగి ఒకటి బిగుసుకుంటే,
మూడు ఊరికే ఉండి ఒకటి వంగితే,
అదీ చేప.
తలో రకం కట్టె పెట్టుకున్నోడు
గాలికల్లా లేస్తా కూర్చుంటా
మోకాళ్లు అరగదీసుకుంటాడు.

మిగిలింది సరిగ్గా మూడొందల ఇరవై.
అయిదోది కూడా తీసుకోమన్నాడు.
వద్దన్నా.

పోయినేడు చెంగల్రాయులు
మూడువేల కట్టెను కానుగ పంగలో ఆనించి
బీడీ ముట్టించే లోపల
బొచ్చె ఒకటి కట్టెతో సహా లాక్కోనిపోయింది.
నీళ్ల మీద ఆ పిడి
చానాసేపు కనిపిస్తానే ఉండె,
ఊరు మారేవాడి నెత్తిన మూట మాదిరి.
కట్టె చవకదైనా పరవాలేదు,
కట్టెను పట్టుకునేది చవకది కాకూడదని
ఆ పొద్దు నాకు తెలిసొచ్చింది,
వాడి ఖర్చుతో.

పుత్తూరులో దిగి మొగిలప్ప వెల్డింగ్ అంగడికి పోయినా.
పాత కమ్మీలు నాలుగు, రెండేసి అడుగులు.
పైన జానెడు గొట్టం, కొంచెం ఏటవాలుగా.
కింద మడమతో తొక్కి దించేదానికి అడ్డకడ్డీ.
సుద్దతో నేల మీద గీసి చూపిస్తే
"కాకులు వాలేదానికా?" అన్నాడు.
మళ్లీ తనే,
"నాలుగెందుకు సామీ,
ఒకటి చేత్తో పట్టుకుంటే చాలదా?"

చెయ్యి చాపినా.
ఇరవై రెండేండ్లు లారీ తోలిన చెయ్యి.
బండి అమ్మి ఏడాదైంది,
చేతిలో ఇంజన్ ఇంకా ఆగలే.
కట్టె పట్టుకుంటే మొన అదురుతాది.
చేప కొట్టిందో, నేనే కొట్టినానో
నాకే తెలీదు.

మొగిలప్ప ఏమీ అనలే.
ముసుగు దించుకున్నాడు.
ఒక్కో అతుకుకీ ఇంకో చుట్టు వేసినాడు.
చల్లారినాక నీళ్లు పోసి, కాలితో తన్ని చూసి,
"రెండొందల నలభై చాల్లే" అన్నాడు.

పిచ్చాటూరు అరణియార్ గట్టు కింద
తెల్లారుజామున నాలుగూ దిగ్గొట్టినా.
గులకనేల, అడ్డకడ్డీ తొక్కితే గాని దిగలే.
మూడోదానికి అప్పుడే నడుం దగ్గర నెర్ర.
చవక కట్టె కదా, ఎక్కడో ఒకచోట చూపిస్తాది.
దారం చుట్టి, బంక పూసి,
అగ్గిపుల్ల అడ్డం పెట్టి
పుత్తూరు కట్టు కట్టినా.
మనుషుల ఎముకలే అతుక్కునే ఊరి పక్కన
ఇదొక లెక్కా!

బెండ్లు నాలుగు, ఎర్రలు డబ్బాడు, సద్ది.
గాలి వచ్చింది.
నాలుగు మొనలూ ఔనౌనన్నాయి.
గాలి పోయింది.
మూడు ఊరుకున్నాయి.
కట్టు కట్టినది ఊరుకోలే.

లేచి పిడి అందుకున్నా.
చెయ్యి అదురుతా ఉంది.
దారం అవతల కొసా అదురుతా ఉంది.
నా అదురేదో దాని అదురేదో
విడదీసే పని ఇప్పుడు లేదు.

అరచెయ్యంత జిలేబీ.
బకెట్లో వేసి తిరిగేసరికి
ఒకటో కట్టె వంగింది.
గొట్టం గట్టిగానే పట్టుకోని ఉంది.
నేను నిదానంగా పోయినా.